సెక్యూర్ బూట్ ఆపకుండా సొంత కెర్నల్ నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి ప్రశ్నలన్నీ ఒకే పరిస్థితి చుట్టూ తిరుగుతాయి. విండోస్ 11తో వచ్చిన ల్యాప్‌టాప్, పక్కన ఉబుంటు గానీ డెబియన్ గానీ, అంటే ఏదో ఒక లినక్స్ డిస్ట్రో వేసుకున్నారు, ఇప్పుడు దాని గుండెకాయ లాంటి కెర్నల్‌ని సొంతంగా కంపైల్ చేసి నడపాలనుకుంటున్నారు. మెషీన్ మొదలయ్యేటప్పుడు నమ్మకమైన సంతకం లేనిదాన్ని నడవనివ్వని కాపలాయే సెక్యూర్ బూట్. ఫెడోరా, ఆర్చ్ వాడేవాళ్లకు తేడా వచ్చే చోట చెప్పాను. కమాండ్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను. టైప్ చేసేది మామూలుగా ఇంగ్లీషులోనే.

కంపైల్ సాఫీగా అయింది, ఇన్‌స్టాల్ కూడా అయింది. బూట్ చేస్తే "బ్యాడ్ షిమ్ సిగ్నేచర్" అంటోంది. ఎక్కడ తప్పు చేశాను?

ఎక్కడా చేయలేదు. కెర్నల్ బాగానే ఉంది, దాని మీద సంతకం లేదు, అంతే. ఆ ఎర్రర్ వెంటనే "యూ నీడ్ టు లోడ్ ద కెర్నల్ ఫస్ట్" అని ఇంకో లైను కనిపిస్తుంది. అది చూసి ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో కెర్నల్‌కి తోడుగా లోడ్ అయ్యే చిన్న ఫైళ్ల మూట) పాడైందనుకుని దాన్ని మళ్లీ మళ్లీ తయారు చేస్తూ ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. కెర్నలే లోడ్ కానప్పుడు ఇనిట్‌ఆర్‌డీని దేనికి తగిలించాలో బూట్ మెనూ చూపించే గ్రబ్‌కి తెలియదు. రెండో లైను చెప్పేది అదే, కాబట్టి దాన్ని పట్టించుకోకండి.

ప్రస్తుతానికి గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి డిస్ట్రో ఇచ్చిన కెర్నల్‌తో బూట్ అవండి. ఆ కెర్నల్‌ని మాత్రం ఎన్నడూ తీసేయకండి. ఈ పేజీలో చెప్పిన ఏ పని బెడిసికొట్టినా మిమ్మల్ని గట్టెక్కించేది అదే.

అసలు ఎవరి సంతకాన్ని ఎవరు చూస్తున్నారు?

గెజిటెడ్ ఆఫీసర్ అటెస్టేషన్ గుర్తుందా? మీ జిరాక్స్ కాపీని కాలేజీ క్లర్కు ఎందుకు నమ్మాడు? దాని మీద ఆఫీసర్ ముద్ర ఉంది కాబట్టి. ఆ ఆఫీసర్‌ని ఎందుకు నమ్మాడు? ఆయన పేరు గెజిట్‌లో ఉంది కాబట్టి. సెక్యూర్ బూట్ కూడా ఇలాంటి వరసే.

ఫర్మ్‌వేర్‌లో, అంటే మదర్‌బోర్డులోనే ఉండి మెషీన్‌ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్‌లో, నాలుగు జాబితాలుంటాయి. అన్నిటికీ పైన ఉండేది ప్లాట్‌ఫామ్ కీ, అంటే పీకే. అది ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీది. దాని కింద కేఈకే, అంటే మిగతా జాబితాలను మార్చే హక్కున్నవాళ్లు. ఆ కింద డీబీ, డీబీఎక్స్. డీబీలో ఉన్నవాళ్ల సంతకం చెల్లుతుంది, డీబీఎక్స్‌లో ఉన్నది ఎవరు సంతకం చేసినా చెల్లదు. దుకాణంలో కొనే దాదాపు ప్రతి పీసీ డీబీలోనూ మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్లు ఉంటాయి. ఒకటి విండోస్ కోసం, ఇంకోటి బయటివాళ్ల సాఫ్ట్‌వేర్ కోసం.

2012లో విండోస్ 8 వచ్చినప్పుడు, పీసీ మీద విండోస్ లోగో కావాలంటే సెక్యూర్ బూట్ ఆన్ చేసే అమ్మాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది. లినక్స్ డిస్ట్రోలకు అది ఇరకాటమైంది. వారానికోసారి మారే కెర్నల్‌ని ప్రతిసారీ మైక్రోసాఫ్ట్‌కి పంపి సంతకం చేయించుకోవడం జరిగే పని కాదు. అప్పుడు మాథ్యూ గారెట్ షిమ్ అనే బుల్లి బూట్‌లోడర్ రాశారు. మైక్రోసాఫ్ట్ సంతకం చేసేది ఆ షిమ్ ఒక్కదాని మీదే. డిస్ట్రో సర్టిఫికెట్ షిమ్ లోపలే ఉంటుంది, గ్రబ్‌నీ కెర్నల్‌నీ దాంతో సరిచూస్తుంది. దీనికి సూసే ఇంజినీర్లు ఒక మంచి ఆలోచన జతచేశారు. డిస్ట్రో కీతో పాటు యజమాని కీ కూడా ఎందుకు చెల్లకూడదు? అదే మెషీన్ ఓనర్ కీ, పొట్టిగా మోక్. పేరులోనే ఉంది, యజమాని మీరు. మన పనంతా ఈ మోక్‌తోనే.

ఇంత తతంగం ఎందుకు, బయాస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపేస్తే పోలా?

ఆపేయొచ్చు, నేరమేం కాదు. మెషీన్‌లో లినక్స్ ఒక్కటే ఉండి, కెర్నల్ మీద రోజుకు పది ప్రయోగాలు చేసేవాళ్లయితే నేనూ అదే చెప్తాను. కాలేజీ ల్యాబ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ అసైన్‌మెంట్ కోసమైతే అసలు మెషీన్ జోలికే వెళ్లకండి. వర్చువల్ మెషీన్ తీసుకోండి, అక్కడ సాధారణంగా సెక్యూర్ బూట్ గొడవ ఉండదు.

విండోస్ కూడా ఉన్నప్పుడే చిక్కు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన విండోస్ 11 మెషీన్లలో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ చాలావరకు మీకు చెప్పకుండానే ఆన్ అయి ఉంటుంది. సెక్యూర్ బూట్ స్థితి టీపీఎం అనే భద్రతా చిప్‌లో పీసీఆర్ 7 అనే గడిలో నమోదవుతుంది. అది మారగానే ఆ ఎన్‌క్రిప్షన్ చేసే బిట్‌లాకర్ అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడుందో తెలియక తలపట్టుకున్నవాళ్లు మీ క్లాసులోనే ఒకరో ఇద్దరో ఉంటారు. పైగా ఈమధ్య ఆటలు కూడా పట్టుబడుతున్నాయి. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలన్నా, 2025లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 ఆడాలన్నా సెక్యూర్ బూట్ ఉండాల్సిందే. పగలు కెర్నల్, రాత్రి వాలరెంట్ అనుకుంటే రోజూ బయాస్‌లోకి వెళ్లి మీట అటూ ఇటూ తిప్పడం కుదిరే పని కాదు.

ఈ రెండింటికీ మధ్య దారి ఒకటుంది. మోక్ పనులు చేసే మోక్‌యుటిల్ కమాండ్‌కి డిజేబుల్-వ్యాలిడేషన్ ఆప్షన్ ఇస్తే ఫర్మ్‌వేర్‌లో సెక్యూర్ బూట్ అలాగే ఉంటుంది, షిమ్ మాత్రం తన తర్వాత వచ్చేవాటిని తనిఖీ చేయడం మానేస్తుంది. ప్రతి బూట్‌లోనూ "బూటింగ్ ఇన్ ఇన్‌సెక్యూర్ మోడ్" అని ఒకసారి మెరుస్తుంది. నాకిది నచ్చదు. గుమ్మం దగ్గర వాచ్‌మన్‌ని పెట్టి, లోపలి తలుపులన్నీ బార్లా తెరిచినట్టు ఉంటుంది. బగ్ వెతికే రెండు మూడు రోజులకైతే ఫర్వాలేదు.

మా మెషీన్‌లో సెక్యూర్ బూట్ నిజంగా ఆన్‌లో ఉందా, ఎలా తెలుస్తుంది?

మోక్‌యుటిల్‌కి ఎస్‌బీ-స్టేట్ ఆప్షన్ ఇవ్వండి. "ఎనేబుల్డ్" అని వస్తే ఆన్‌లో ఉన్నట్టు. "ఈఎఫ్ఐ వేరియబుల్స్ ఆర్ నాట్ సపోర్టెడ్" అని వస్తే మీరు పాత లెగసీ పద్ధతిలో బూట్ అయ్యారు, ఈ పేజీతో మీకు పని లేదు.

ఉబుంటు ఇన్‌స్టాల్ చేసినప్పుడే ఒక మోక్ కీ తయారై ఉంది. కెర్నల్‌కీ దాంతోనే సంతకం చేస్తే సరిపోతుందా?

సరిపోదు. అందరూ జారిపడే చోటు ఇదే కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

ఎన్విడియా డ్రైవర్ లాంటివి వేసినప్పుడు ఉబుంటు ఒక కీ తయారుచేసి, వార్ కింద లిబ్, అందులో షిమ్-సైన్డ్, అందులో మోక్ అనే ఫోల్డర్‌లో పెడుతుంది. దాన్ని మోక్‌గా చేర్చారు కూడా. దాంతో కెర్నల్‌ని సైన్ చేస్తే సంతకం చేసే కమాండ్ ఎస్‌బీసైన్ ఒక్క మాట అనదు, సరిచూసే ఎస్‌బీవెరిఫైతో చూస్తే సంతకం కనిపిస్తుంది, బూట్ చేస్తే మళ్లీ అదే "బ్యాడ్ షిమ్ సిగ్నేచర్". కారణం ఆ సర్టిఫికెట్ లోపల ఉన్న ఒక అంకెల వరస: 1.3.6.1.4.1.2312.16.1.2. "ఈ కీ మాడ్యూళ్ల సంతకానికి మాత్రమే" అని దాని అర్థం. మాడ్యూల్ అంటే డ్రైవర్ లాంటి, కెర్నల్‌కి తర్వాత తగిలించే ముక్క. షిమ్ అది చూసి, కెర్నల్ మీద ఆ సంతకాన్ని ఒప్పుకోదు. ఇది లోపం కాదు, కావాలనే అలా పెట్టారు. మాడ్యూల్ కీ పాస్‌వర్డ్ లేకుండా డిస్కులోనే ఉంటుంది, బయటి మాడ్యూళ్లను ప్రతి కెర్నల్‌కీ బిల్డ్ చేసే డీకేఎంఎస్ దాన్ని తనంతట తాను వాడుకుంటుంది. అలాంటి కీకి ఏకంగా కెర్నల్‌నే ఆమోదించే అధికారం ఇవ్వడం ప్రమాదం.

అందుకే కెర్నల్ కోసం విడిగా ఇంకో కీ చేసుకోవాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో ఆర్‌ఎస్‌ఏ 2048 బిట్ల కీ, దానికో సర్టిఫికెట్. పైన చెప్పిన అంకెల వరస అందులో చేర్చకండి. ప్రైవేట్ కీకి పాస్‌వర్డ్ పెట్టండి. సర్టిఫికెట్‌ని రెండు రూపాల్లో దాచండి: ఎస్‌బీసైన్‌కి పెమ్ కావాలి, మోక్‌యుటిల్‌కి డెర్ కావాలి. ఈ రెండూ తారుమారైతే వచ్చే ఎర్రర్లు ఎవరికీ అర్థం కావు.

నీలం తెర ఒకసారి వచ్చి మాయమైంది. మళ్లీ రావడం లేదు. ఏం చేయాలి?

మోక్‌యుటిల్‌తో డెర్ ఫైలుని ఇంపోర్ట్ చేసినప్పుడు ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. అది అప్పటికప్పుడు వాడి పారేసే పాస్‌వర్డ్, రీబూట్ అయ్యాక ఒక్కసారి కొడితే చాలు. రీబూట్‌లో మోక్ మేనేజర్ నీలం తెర వస్తుంది. "ఏదైనా మీట నొక్కండి" అని పది సెకన్లు చూసి వెళ్లిపోతుంది. ఆ పది సెకన్లలో టీ కోసం లేచారా, అభ్యర్థన రద్దయినట్టే. మళ్లీ ఇంపోర్ట్ నుంచి మొదలుపెట్టాలి.

తెర వచ్చినప్పుడు "ఎన్‌రోల్ మోక్", తర్వాత "కంటిన్యూ", తర్వాత "యస్", ఆపైన పాస్‌వర్డ్, చివర "రీబూట్". పాస్‌వర్డ్‌లో చిన్న అక్షరాలూ అంకెలూ మాత్రమే వాడండి. ఆ తెర అమెరికన్ కీబోర్డు అమరికే ఎరుగుతుంది. వేరే అమరిక అలవాటున్నవాళ్లకు గుర్తులు ఎక్కడివో అక్కడ ఉండవు.

తెర ముందు కూర్చునే నొక్కాలన్నది విసుగ్గా అనిపించవచ్చు. కానీ మీ మెషీన్‌లోకి దూరంనుంచి చొరబడ్డవాడు రూట్ (అడ్మిన్ అధికారం) సంపాదించినా తన కీని మోక్‌గా చేర్చలేకపోవడానికి కారణం ఆ నీలం తెరే.

ఇక సంతకం చేయడం ఎలా? ప్రతి బిల్డ్‌కీ చేతితో చేయాలా?

ఉబుంటు, డెబియన్లలో ప్యాకేజీ పేరు ఎస్‌బీసైన్‌టూల్. ఫెడోరా, ఆర్చ్‌లలో అదే పేరు బహువచనంలో ఉంటుంది. ఎస్‌బీసైన్‌కి ప్రైవేట్ కీ, పెమ్ సర్టిఫికెట్, బూట్ ఫోల్డర్‌లోని విఎంలినజ్ ఫైలు (కెర్నల్ అదే) ఇచ్చి, అవుట్‌పుట్‌గా వేరే పేరు పెట్టండి. ఎస్‌బీవెరిఫైకి లిస్ట్ ఆప్షన్ ఇచ్చి సంతకం ఉందో లేదో చూసుకుని, అప్పుడు అసలు పేరుకి మార్చండి. నేరుగా అసలు ఫైలు మీదే రాయించి, మధ్యలో కరెంటు పోతే ఆ కెర్నల్ చేజారినట్టే. కెర్నల్ కాన్ఫిగ్‌లో ఈఎఫ్ఐ స్టబ్ ఆన్‌లో ఉండాలి, డిస్ట్రోల కాన్ఫిగ్‌లో అది ఎలాగూ ఉంటుంది.

దీన్ని ఆటోమేటిక్ చేయాలంటే ఈటీసీ కింద కెర్నల్, అందులో పోస్ట్‌ఇన్‌స్ట్ డాట్ డీ ఫోల్డర్‌లో చిన్న స్క్రిప్ట్ పెడితే చాలు. కొత్త కెర్నల్ ఇన్‌స్టాల్ అయినప్పుడల్లా దాని వెర్షన్, ఫైలు దారి ఆ స్క్రిప్ట్‌కి అందుతాయి. స్క్రిప్ట్ పేరు చివర డాట్ ఎస్‌హెచ్ మాత్రం పెట్టకండి. ఆ ఫోల్డర్‌లోని స్క్రిప్ట్‌లను నడిపే రన్-పార్ట్స్, పేరులో చుక్క ఉన్న ఫైళ్లను కిమ్మనకుండా వదిలేస్తుంది. ఎర్రర్ ఉండదు, సంతకమూ ఉండదు. కీకి పాస్‌వర్డ్ పెట్టారు కాబట్టి ఇన్‌స్టాల్ మధ్యలో అది అడుగుతుంది. అది వద్దని పాస్‌వర్డ్ తీసేసేవాళ్లు, కింద కీ గురించిన ప్రశ్న చదివి అప్పుడు నిర్ణయించుకోండి.

బిల్డ్ మొదలైన కాసేపటికే "కాననికల్-సర్ట్స్" ఫైలు లేదని ఆగిపోయింది.

మీరు ఉబుంటు కాన్ఫిగ్ ఫైలుని తెచ్చి, లినక్స్ కెర్నల్ అసలు సైటు కెర్నల్ డాట్ ఆర్గ్ నుంచి దించిన సోర్స్ మీద వాడారు. ఆ కాన్ఫిగ్‌లో సిస్టమ్ ట్రస్టెడ్ కీస్, సిస్టమ్ రివొకేషన్ కీస్ అనే రెండు చోట్ల ఉబుంటు కంపెనీ కాననికల్ సర్టిఫికెట్ల దారి రాసి ఉంటుంది, ఆ ఫైళ్లు మీ దగ్గర లేవు. రెండింటినీ ఖాళీ చేయండి. అదే ఊపులో డీబగ్ సమాచారం కూడా ఆపేయండి, లేకపోతే బిల్డ్ ఫోల్డర్ డిస్కుని మింగేస్తుంది. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడితే మీ మెషీన్‌లో ఇప్పుడు లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లు మాత్రమే బిల్డ్ అవుతాయి, గంటల పని నిమిషాల్లో అయిపోతుంది. ఆ కమాండ్ కొట్టేముందు పెన్‌డ్రైవ్, ప్రింటర్, వెబ్‌క్యామ్ అన్నీ ఒకసారి తగిలించి ఉంచండి. లేదంటే కొత్త కెర్నల్‌కి అవి పరిచయం ఉండవు.

కెర్నల్ బూట్ అయింది, కానీ ఎన్విడియా, వర్చువల్‌బాక్స్ మాడ్యూళ్లు "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అంటున్నాయి.

మాడ్యూళ్లలో రెండు రకాలు. కెర్నల్‌తో పాటు బిల్డ్ అయినవాటికి బిల్డ్ సమయంలోనే ఒక కీ పుట్టి, సంతకం పడి, ఆ కీ తాలూకు సర్టిఫికెట్ కెర్నల్‌లోనే అతుక్కుంటుంది. వాటితో ఇబ్బంది రాదు. వస్తే, సైజు తగ్గించడానికి మాడ్యూళ్లను తర్వాత స్ట్రిప్ చేశారేమో చూడండి. సంతకం ఫైలు చివర తగిలించి ఉంటుంది, స్ట్రిప్ చేస్తే ఊడిపోతుంది.

రెండో రకం బయటి మాడ్యూళ్లు, డీకేఎంఎస్ బిల్డ్ చేసేవి. వాటి మీద డీకేఎంఎస్ మోక్ కీతో సంతకం చేస్తుంది. డిస్ట్రో కెర్నళ్లు మోక్ కీలను మాడ్యూళ్ల విషయంలో నమ్మేలా ప్యాచ్ చేసి ఉంటాయి. కెర్నల్ డాట్ ఆర్గ్ నుంచి తెచ్చిన సోర్స్‌కి ఆ ప్యాచ్ ఉండదు. దానికి బదులు 5.18 నుంచి మెషీన్ కీరింగ్ అనే కాన్ఫిగ్ ఆప్షన్ వచ్చింది, ఇంటెగ్రిటీ విభాగంలో ఉంటుంది. దాన్ని ఆన్ చేసి మళ్లీ బిల్డ్ చేయండి. అయితే అదే కాన్ఫిగ్‌తో మీ మిత్రుడి మెషీన్‌లో సంతకం లేని మాడ్యూల్ కూడా లోడ్ అయిందంటే అక్కడ సెక్యూర్ బూట్ ఆఫ్‌లో ఉండి ఉంటుంది. ఐఎంఏ ఆర్చ్ పాలసీ (ఇక్కడ ఆర్చ్ అంటే డిస్ట్రో కాదు) ఆప్షన్ ఉన్న కెర్నల్, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటేనే మాడ్యూల్ సంతకాలను తప్పనిసరి చేస్తుంది.

సెక్యూర్ బూట్ ఉంటే హైబర్నేట్ పనిచేయదంటారు. సొంత కెర్నల్‌కీ అంతేనా?

ఆ అడ్డు సెక్యూర్ బూట్‌ది కాదు, కెర్నల్ లాక్‌డౌన్‌ది. 2019లో 5.4 కెర్నల్‌లో చేరిన భద్రతా విధానం ఇది. లాక్‌డౌన్ అమల్లో ఉంటే రూట్ అయినా సరే కెర్నల్ మెమరీని తాకకూడదు. అందువల్ల డెవ్ మెమ్ (మెమరీని నేరుగా అందించే ఫైలు)లోకి రాయడం, పాత పద్ధతి కెఎగ్జెక్ (ఫర్మ్‌వేర్ దాకా వెళ్లకుండా వేరే కెర్నల్‌లోకి దూకడం), ఎంఎస్‌ఆర్ (ప్రాసెసర్ రిజిస్టర్లు) రాతలు, హైబర్నేట్ అన్నీ ఆగిపోతాయి. డిస్కులో దాచిన మెమరీ బొమ్మని ఎవరైనా మార్చి ఉండొచ్చన్నది హైబర్నేట్ మీద అనుమానం. మామూలు సస్పెండ్‌కి ఏ అడ్డూ లేదు.

తమాషా ఏమిటంటే, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే లాక్‌డౌన్ దానంతటదే మొదలయ్యే ఏర్పాటు లైనస్ టోర్వాల్డ్స్ నడిపే అసలు కెర్నల్ సోర్స్‌లో లేదు. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ దాన్ని ప్యాచ్‌గా చేర్చుకుంటాయి. కాబట్టి కెర్నల్ డాట్ ఆర్గ్ సోర్స్‌ని మీరు కంపైల్ చేసి మీ కీతో సైన్ చేస్తే హైబర్నేట్ మామూలుగా పనిచేస్తుంది. సొంత కెర్నల్ మీద చాలామందికి మోజు పుట్టేది ఇక్కడే. అయితే డిస్ట్రో పెట్టిన ఒక కాపలా మీ కెర్నల్‌లో లేదన్న సంగతి కూడా అందులోనే ఉంది. కాపలా కావాలంటే బూట్ లైనులో లాక్‌డౌన్ ఈక్వల్స్ ఇంటెగ్రిటీ అని ఇవ్వండి.

జాన్‌మాడ్, లిక్వోరిక్స్, ఉబుంటు మెయిన్‌లైన్ కెర్నళ్లు ఎలా?

ఇవి డిస్ట్రో మామూలు కెర్నల్‌కి బదులుగా దించుకునే రెడీమేడ్ కెర్నళ్లు, వాటి మీద మీ డిస్ట్రో సంతకం ఉండదు. ఉబుంటు మెయిన్‌లైన్ ప్యాకేజీ పేరులోనే "అన్‌సైన్డ్" అని రాసి ఉంటుంది. పైన చెప్పిన స్క్రిప్ట్ పెట్టుకుంటే వీటి మీదా మీ సంతకమే పడుతుంది. ఒక్క మాట, సంతకం చేస్తున్నారంటే ఆ బైనరీకి హామీ మీరిస్తున్నట్టు. తెలిసిన చోటునుంచే దించుకోండి.

మైక్రోసాఫ్ట్ కీలన్నీ తీసేసి నా కీలు మాత్రమే పెట్టుకుంటే ఇంకా మంచిది కదా?

సిద్ధాంతం ప్రకారం అవును. ఆర్చ్ వాడేవాళ్లలో, సొంత కీలు చేర్చిపెట్టే ఎస్‌బీసీటీఎల్‌కి ఇంత ఆదరణ అందుకే. ఫర్మ్‌వేర్‌ని సెటప్ మోడ్‌లో పెట్టి, మీ పీకే, కేఈకే, డీబీ చేర్చేస్తే షిమ్ అవసరమే ఉండదు. కానీ ఎస్‌బీసీటీఎల్ ఎన్‌రోల్-కీస్‌కి ఎం ఆప్షన్ ఇచ్చి మైక్రోసాఫ్ట్ కీలను కూడా ఉంచుకోండి. గ్రాఫిక్స్ కార్డు లాంటి పరికరాల్లో ఆప్షన్ రామ్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది, దాని మీదున్నది మైక్రోసాఫ్ట్ సంతకం. ఆ కీలు తీసేస్తే కొన్ని మెషీన్లలో తెర మీద ఏమీ రాదు, బయాస్‌లోకి వెళ్లి సరిచేసుకునే దారి కూడా మూసుకుపోతుంది. ఎలుక ఉందని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టవుతుంది.

2022 నుంచి వస్తున్న సెక్యూర్డ్-కోర్ ల్యాప్‌టాప్‌లలో దీనికి తిరగబడ్డ సమస్య ఒకటుంది. బయటివాళ్ల కోసం ఉన్న మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ మొదటినుంచే ఆఫ్‌లో ఉంటుంది. డిస్ట్రో పెన్‌డ్రైవ్ కూడా బూట్ కాకపోతే బయాస్‌లో "థర్డ్ పార్టీ సీఏ" అనే మీట కోసం వెతకండి.

విండోస్ అప్‌డేట్ తర్వాత లినక్స్ అసలు మొదలవడం లేదు. "వెరిఫైయింగ్ షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్" అంటోంది.

దీని వెనక 2020 జులైలో బయటపడిన బూట్‌హోల్ కథ ఉంది. గ్రబ్ తన కాన్ఫిగ్ ఫైలుని చదివే పద్ధతిలో లోపం దొరికింది. ఆ గ్రబ్‌లన్నిటినీ వెలివేయడానికి 3 సర్టిఫికెట్లు, 150 ఫైళ్ల హాష్‌లు (వేలిముద్రల్లాంటి అంకెలు) డీబీఎక్స్‌లో చేర్చాల్సి వచ్చింది. డీబీఎక్స్‌కి ఉన్న చోటే సుమారు 32 కిలోబైట్లు, అందులో 10 ఆ ఒక్క దెబ్బకే పోయాయి. ఇలా ఇంకో రెండు సార్లు జరిగితే చోటే ఉండదు. అందుకని ఒక్కో ఫైలునీ కాకుండా "ఫలానా తరం కంటే పాతవి చెల్లవు" అని అంకెతో చెప్పే ఎస్‌బ్యాట్‌ని 2021లో తెచ్చారు.

2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ ఆ అంకెను పెంచింది. డ్యూయల్ బూట్ మెషీన్లను వదిలేస్తుందని చెప్పినా, చాలాచోట్ల వదల్లేదు. షిమ్ పాతదైన మెషీన్లు మూగబోయాయి. దీనికి మీ కెర్నల్ గానీ మీ సంతకం గానీ కారణం కాదు. బిట్‌లాకర్ రికవరీ కీ చేతిలో పెట్టుకుని సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపండి, లినక్స్‌లోకి వెళ్లి మోక్‌యుటిల్‌తో సెట్-ఎస్‌బ్యాట్-పాలసీని డిలీట్‌కి పెట్టండి, ఆఫ్‌లోనే ఇంకోసారి లినక్స్‌కి రీబూట్ అవండి, షిమ్, గ్రబ్ అప్‌డేట్ చేసి సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేయండి.

2026లో మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ గడువు ముగిస్తే నా కెర్నల్ ఆగిపోతుందా?

ఆగదు. షిమ్‌ల మీద సంతకానికి వాడిన 2011 నాటి మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ (యూఈఎఫ్ఐ సీఏ) గడువు 2026 జూన్ వరకే. కానీ బూట్ సమయంలో ఫర్మ్‌వేర్ సాధారణంగా గడువు తేదీ చూడదు, ఇప్పటికే సంతకం ఉన్న షిమ్ నడుస్తూనే ఉంటుంది. ఇకమీదట వచ్చే షిమ్‌లకు 2023 సర్టిఫికెట్ సంతకం ఉంటుంది కాబట్టి అది మీ డీబీలో ఉండాలి. లినక్స్‌లో ఫర్మ్‌వేర్‌ని కొత్తది చేసే ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ ద్వారా అప్‌డేట్లు వస్తే వాయిదా వేయకండి. మీ మోక్‌కి దీంతో సంబంధం లేదు.

ఇంత చేశాక మెషీన్ పూర్తి భద్రంగా ఉన్నట్టేనా?

లేదు. గ్రబ్ దారిలో కెర్నల్ మీదే సంతకం చూస్తారు, ఇనిట్‌ఆర్‌డీ మీద చూడరు. డిస్క్ పాస్‌వర్డ్ మీరు కొట్టేది మాత్రం ఇనిట్‌ఆర్‌డీలోనే. మీరు లేనప్పుడు ల్యాప్‌టాప్ చేతికి దొరికినవాడు దాన్ని మార్చొచ్చు. కెర్నల్, ఇనిట్‌ఆర్‌డీ, బూట్ లైను మూడింటినీ ఒకే ఫైలుగా చుట్టి మొత్తానికి సంతకం చేసే యూకేఐ ఈ సందుని మూస్తుంది. సిస్టమ్‌డీ తోడుగా వచ్చే యూకిఫై ఆ పని చేసిపెడుతుంది. ఇంట్లో టేబుల్ మీదే ఉండే మెషీన్‌కి అక్కర్లేదంటాను, రోజూ రైల్లో తిరిగే ల్యాప్‌టాప్‌కి మాత్రం ఆలోచించండి.

ప్రైవేట్ కీ ఎక్కడ దాచాలి? పోతే ఏమవుతుంది?

పోవడం, దొంగతనం కావడం రెండూ వేరు. కీ ఉన్న డిస్కు పాడైతే పెద్ద నష్టం లేదు. కొత్త కీ చేసుకుని, మళ్లీ నీలం తెర దాటి, కెర్నళ్లను మళ్లీ సైన్ చేస్తే సరి. సర్వీస్ సెంటర్లో మదర్‌బోర్డు మార్చినా ఇదే పని, ఎందుకంటే మోక్ జాబితా ఉండేది బోర్డులోని ఎన్‌వీర్యామ్ అనే శాశ్వత మెమరీలో. అప్పుడు పాత కీనే మళ్లీ చేర్చొచ్చు.

పాస్‌వర్డ్ లేని కీని అదే మెషీన్‌లో ఉంచితే, రూట్ సంపాదించిన ఎవరైనా తమ కెర్నల్ మీద మీ సంతకం వేసేస్తారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. నాది పాస్‌వర్డ్‌తో ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది, బిల్డ్ రోజున మాత్రమే తగిలిస్తాను. కీ పరాయి చేతిలో పడిందని అనుమానం వస్తే మోక్‌యుటిల్‌కి డిలీట్ ఆప్షన్‌తో ఆ సర్టిఫికెట్ ఇవ్వండి, రీబూట్‌లో నీలం తెర వస్తుంది, "డిలీట్ మోక్" ఎంచుకోండి. ఆ పది సెకన్లు ఈసారి కుర్చీలోంచి లేవకండి.